ఒక సెమిస్టర్ పరదేశం: సరిహద్దు ఇళ్ళకు ఇది కొత్త విద్య కాదు

మన బంధువుల ఇళ్ళల్లో ఈ మధ్య ఒక కొత్త రకం ప్రయాణం కనిపిస్తోంది. ముందు తరం పిల్లలు అమెరికాకు పోతే ఎమ్మెస్‌కు పోయేవాళ్ళు. రెండేండ్లు చదివి, ఉద్యోగం చూసుకుని, చాలామంది అక్కడే నిలబడిపోయినారు. ఇప్పుడు బెంగుళూరులోనో హైదరాబాదులోనో చదివే పిల్లలు చదువు మధ్యలో ఒక సెమిస్టర్ జర్మనీకో ఫ్రాన్సుకో జపానుకో పోయి, నాలుగైదు నెలలుండి, తిరిగొచ్చి ఇక్కడే డిగ్రీ తీసుకుంటున్నారు. దీన్నే ఎక్స్ఛేంజ్ అంటున్నారు. మా ఇంట్లో కూడా మా తమ్ముడి కూతురు పోయిన చలికాలం జర్మనీలో ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో ఇట్లే ఒక సెమిస్టర్ చదివి వచ్చింది.

ఈ పిల్లలను మనం పంపే పద్ధతి మీద నాకొక అభిప్రాయం ఉంది. ప్రయాణం కొత్తది, మన తయారీ మాత్రం పాతది. ఇరవై ఏండ్లు ఉండిపోయేవాళ్ళకు కట్టినట్టు మూటలు కడతాం, "అక్కడ మనవాళ్ళు ఉండారు" అని వాళ్ళ చేతిలో పెడతాం, రోజూ ఫోను చేస్తాం. పిల్ల క్షేమంగా పోయి క్షేమంగా వస్తుంది, సంతోషమే. కానీ పోయిన పని సగం కూడా జరగదు. ఆ పని ఎట్ల జరగాలో చెప్పడానికి ఏ కన్సల్టెన్సీ అక్కర్లేదు. మన బళ్ళారి కంటోన్మెంట్‌లో తెలుగు ఇండ్లు మూడు నాలుగు తరాలుగా చేస్తున్నది అదే పని.

ముందు ఈ ఎక్స్ఛేంజ్ సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. రెండు యూనివర్సిటీలు ఒప్పందం చేసుకుంటాయి. మన పిల్ల అక్కడికి, అక్కడి పిల్ల ఇక్కడికి. మామూలుగా చదువు ఫీజు మన కాలేజీకే కడతాం, అక్కడ మళ్ళీ కట్టే పని ఉండదు. ఖర్చంతా ప్రయాణం, గది, తిండి, ఇన్సూరెన్సు. పోకముందే అక్కడ ఏ కోర్సులు చదువుతుందో కాగితం మీద రాసి రెండు వైపులా సంతకాలు పెట్టాలి, దాన్ని లర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. యూరప్‌లో పూర్తి సెమిస్టర్ అంటే 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు లెక్క. అంటే ఇది ఊళ్ళు చూసే యాత్ర కాదు. అట్లని వలస పోవడమూ కాదు. రాను-పోను టికెట్టుతో చేసే కాపురం అనుకోండి.

ఆ కాపురానికి ఉన్నది నాలుగైదు నెలలే. అందులో ఒక్కో సాయంత్రం ఎట్ల పోతుందో చూడండి. జర్మనీలో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా. బళ్ళారిలో పనులన్నీ తీరి, అన్నాలు తిని, రాత్రి 9 గంటలకు తల్లి వీడియో కాల్ చేస్తుంది. అక్కడ అప్పుడు సాయంత్రం 4.30. క్లాసులు వదిలి, నలుగురూ ఒక చోట చేరి కాఫీ తాగే వేళ, గ్రూప్ ప్రాజెక్టు గురించి మాట్లాడుకునే వేళ. ఈ పిల్ల మాత్రం గదికి పరిగెత్తి, "ఏం తిన్న్యావు పాపా? చలి ఎట్లుంది? స్వెట్టరు ఏసుకున్న్యావా?" అన్న ప్రశ్నలకు గంట సేపు జవాబు చెప్తుంది. మొదటి వారం "మీతో వస్తాను, ఫోను మాట్లాడి వస్తాను" అంటుంది. మూడో వారానికి వాళ్ళు పిలవడం మానేస్తారు. ఇందులో తల్లి తప్పేమీ లేదు, ఆమెకు వీలయ్యే వేళ అదే. కానీ నష్టం మాత్రం రోజూ జరుగుతుంది.

పరదేశంలో విద్యార్థులు ఎట్ల కుదురుకుంటారనే దాని మీద చదువుకున్నవాళ్ళు చాలా కాలంగా ఆలోచిస్తున్నారు. 1955లో స్వెర్రె లూస్గార్డ్ అనే నార్వే సామాజిక శాస్త్రవేత్త, ఫుల్‌బ్రైట్ సాయంతో అమెరికా పోయి వచ్చిన 200 మంది నార్వే వాళ్ళతో మాట్లాడి ఒక సంగతి రాసినాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళూ, పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవాళ్ళూ బాగానే కుదురుకున్నారు. మధ్యలో ఉన్నవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడినారు. మొదట సంబరం, తర్వాత దిగులు, ఆ తర్వాత మెల్లగా తేరుకోవడం. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఈ లెక్కను ప్రశ్నించినారు, అందరికీ ఇట్లే జరుగుతుందని లేదు అన్నారు. అయినా మన పిల్లల విషయంలో నాకు తోచేది ఇది: ఆరు నెలల లోపు పిల్ల సంబరంలోనే ఉండి వచ్చేయొచ్చు, లేదా ఫోనులోనే ఉండి వచ్చేయొచ్చు. రెండు దారుల్లోనూ ఆ ఊరు అంటకుండానే తిరిగి రావడం సాధ్యం.

1977లో స్టీఫెన్ బోక్నర్, ఆయనతో పనిచేసినవాళ్ళు హవాయిలోని విదేశీ విద్యార్థుల స్నేహాలు చూసి ఇంకో మాట చెప్పినారు. పరదేశంలో చదివే పిల్లకు మూడు రకాల స్నేహాలు ఉంటాయట. ఒకటి, సొంత దేశం వాళ్ళతో. అక్కడ మన భాష మాట్లాడుకుంటాం, మన పండగ చేసుకుంటాం, మనసు విప్పుకుంటాం. రెండోది, ఆ ఊరివాళ్ళతో. చదువులో, కాగితాల్లో, పనుల్లో సాయం అందేది ఇక్కడ. మూడోది, మనలాగే ఎక్కడెక్కడినుంచో వచ్చిన ఇతర దేశాల పిల్లలతో. సరదా, తిరుగుడు ఎక్కువ వాళ్ళతోనే. మూడింటికీ మూడు వేర్వేరు పనులు. ఒకటి ఉంది కదా అని ఇంకోటి అక్కర్లేదు అనడానికి లేదు.

ఇది చదివినప్పుడు నాకు మన కంటోన్మెంట్ గుర్తొచ్చింది. బ్రిటిష్ వాళ్ళు దండు దింపిన చోటు ఇది. దండు వెంట రకరకాల జనం వచ్చినారు. కంటోన్మెంట్ దాటి కౌల్ బజార్ వైపు నడిస్తే తెలుగు, కన్నడ, ఉర్దూ, తమిళం నాలుగూ చెవిన పడతాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, అంగట్లో ఉర్దూ, పరీక్షలో ఇంగ్లీషు. ఇంట్లో అవ్వ చేసే బొరుగుల ఉగ్గాని, వీధి చివర బండి దగ్గర మండక్కి ఒగ్గరణి అవుతుంది. వస్తువు దాదాపు ఒకటే, అడిగే మాట వేరు. ఎవరి దగ్గర ఏ మాట అడగాలో మన పిల్లలకు ఐదేండ్లకే తెలుసు. బోక్నర్ చెప్పిన మూడు వలయాలూ మన వీధిలో ముందునుంచీ ఉన్నవే.

అవి ఊరికే రాలేదు. ఆ రోజుల్లో బళ్ళారి మద్రాసు రాజధానిలో ఉండేది. 1882 దాకా అనంతపురం కూడా ఈ జిల్లాలో భాగమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. బళ్ళారి ఎవరిదన్న తగాదా అప్పట్లో ఎంత గట్టిగా నడిచిందో మన పెద్దలు కథలు కథలుగా చెప్పేవాళ్ళు. ఒక్క రోజులో ఇల్లు కదలకుండానే మనం ఇంకో రాష్ట్రం వాళ్ళం అయినాం. మా తాత అప్పటికి కచేరీలో గుమాస్తా. పక్కింటి పిల్లల పలక పట్టుకుని నలభై దాటిన వయసులో కన్నడ అక్షరాలు దిద్దినాడని మా అవ్వ చెప్పేది. ఇంట్లో తెలుగు వదల్లేదు, బయట కన్నడను పరాయిదని అనలేదు. వచ్చిన కొత్తలో "మనవాళ్ళ" మధ్యనే కూర్చుని ఉంటే ఆ ఉద్యోగమూ నిలిచేది కాదు, ఈ ఇల్లూ నిలిచేది కాదు.

పరదేశం చదువుకు పోయిన తెలుగువాళ్ళలో కూడా సరిహద్దు ఇంటి బిడ్డ ఒకరున్నారు. వి.వి. గిరి గారిది బరంపురం, ఈనాటి ఒడిశాలోని ఊరు. మనలాగే మూల తెలుగు నేలకు అవతల ఉన్న తెలుగు ఇల్లు. 1913లో ఆయన న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్‌కు పోయినారు. చదువుకు పోయినా ఆ ఊళ్ళో జరుగుతున్నదానికి కళ్ళు మూసుకోలేదు. ఐర్లండు స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరనుంచి చూసినారు, అక్కడి వాళ్ళతో కలిసినారు. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఏడాదే ఆయన ఐర్లండు వదిలి రావాల్సి వచ్చింది. వచ్చి రైల్వే కార్మికుల పక్షాన నిలబడినారు, 1969లో రాష్ట్రపతి అయినారు. మూడేండ్లు డబ్లిన్‌లో ఆయన మనవాళ్ళ వంటింట్లోనే గడిపి ఉంటే బారిస్టరు పట్టా ఒక్కటే తెచ్చుకునేవారేమో.

ఇంకో రకం ప్రయాణం యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన బోస్టన్ చేరినారు. చేతిలో ఉన్న మద్రాసు వైద్య పట్టా అక్కడ ఇంటర్న్‌షిప్‌కు పనికిరాక, హార్వర్డ్‌లో చదువుకుంటూనే ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టరు పని చేసినారు. ఆ తర్వాత ఆయన చేసిన పరిశోధన ప్రపంచానికి మేలు చేసింది. కానీ 1948లో పోయేదాకా ఆయన తిరిగి ఇండియా చూడలేదు. మన ఇళ్ళల్లో పరదేశం అంటే ఇప్పటికీ ఒక గుబులు ఉందంటే, అది అట్లాంటి ఒకవైపు టికెట్టు ప్రయాణాలనుంచి వచ్చిందే. ఎక్స్ఛేంజ్ పిల్లకు ఆ గుబులు అక్కర్లేదు. తిరుగు టికెట్టు చేతిలోనే ఉంది. కాబట్టి ధైర్యంగా ఊళ్ళో దిగనివ్వాలి.

మన సరిహద్దు పిల్లలకు అక్కడ ఇంకో చిక్కు ఉంది, దాన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి. మా పాప ఒక తెలుగు పండగ భోజనానికి పోతే, "బళ్ళారా? అయితే మీరు కన్నడవాళ్ళే కదా" అన్నారట. కన్నడ పిల్లల దగ్గరికి పోతే "నువ్వు తెలుగు కదా" అన్నారట. ఇద్దరూ నవ్వుతూనే అన్నారు, ఇద్దరూ అన్నం పెట్టినారు. కానీ "మనవాళ్ళు" అన్న మాట మీదే ఆధారపడి పోయిన పిల్లకు ఇది కాళ్ళకింద పలక జారినట్టు ఉంటుంది. మూడు వలయాలున్న పిల్లకు మాత్రం ఇది చెప్పుకుని నవ్వుకునే కథ. రెండు భాషల పాటలూ తెలిసిన పిల్ల అని రెండు గుంపులూ పిలుస్తాయి కూడా.

అయితే పోయేముందు ఇంట్లో ఏం చెప్పి పంపాలి? జర్మనీ లెక్కలోనే చెప్తాను, ఎందుకంటే నాకు దగ్గరగా తెలిసింది అదే. ఇల్లు దిగిన 14 రోజుల్లో ఊరి ఆఫీసుకు పోయి చిరునామా నమోదు చేసుకోవాలి. ఆ కాగితం లేకుంటే మిగతా పనులు ముందుకు జరగవు. ఆ ఆఫీసుకు ఎవరో తెలుగు అన్నను తోడు తీసుకుపోవద్దు, యూనివర్సిటీ ఇచ్చే బడ్డీని, అంటే అక్కడి విద్యార్థిని, తోడు రమ్మని అడగాలి. మొదటి స్నేహం అక్కడే మొదలవుతుంది. చాలా యూనివర్సిటీల్లో టాండెమ్ అని ఉంటుంది. నువ్వు వాళ్ళకు నీ భాష, వాళ్ళు నీకు వాళ్ళ భాష నేర్పుకోవడం. కౌల్ బజార్ అంగట్లో మనం ఉర్దూ నేర్చుకున్న పద్ధతే, దానికి వాళ్ళొక పేరు పెట్టుకున్నారు, అంతే. మధ్యాహ్నం గదిలో వండుకున్న చిత్రాన్నం డబ్బా విప్పకుండా, వారానికి మూడు రోజులైనా యూనివర్సిటీ భోజనశాలలో నలుగురితో కూర్చుని తినమనాలి. శాకాహారం దొరుకుతుంది, భయం లేదు.

చదువు సంగతి కూడా. అక్కడ మార్కుల లెక్క తలకిందులు. 1.0 అంటే అన్నిటికంటే మంచిది, 4.0 దాకా పాసు, 5.0 అంటే ఫెయిలు. పాప "1.3 వచ్చింది నాయనా" అంటే మా తమ్ముడు రాత్రంతా నిద్రపోలేదు. చాలా కోర్సుల్లో మార్కులన్నీ చివర పెట్టే ఒకే పరీక్ష మీద ఉంటాయి, ఇక్కడిలాగా ఇంటర్నల్స్ ఆదుకోవు. చలికాలం సెమిస్టర్‌లో పాఠాలు అక్టోబరులో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తాయి, పరీక్షలు ఆ చివర్లోనే. కాబట్టి సంక్రాంతికి ఇంట్లో ఉండాలని జనవరికి తిరుగు టికెట్టు కొనే ముందు పరీక్షల తేదీ చూసుకోండి. పండగ వచ్చే ఏడాదీ వస్తుంది, ఆ క్రెడిట్లు రావు.

దీనికి మన ఇళ్ళల్లో వచ్చే జవాబు నాకు తెలుసు. "అన్నీ చెప్తావు, పాప ఒంటరిగా ఏడ్చుకుంటే ఎవరొస్తారు? ఆడపిల్ల, రాత్రి బస్సు దిగి నడవాలి, జ్వరం వస్తే ఎవరు చూస్తారు?" ఇది తోసిపారేసే మాట కాదు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు దాటితే పొద్దు వాలిపోతుంది. ఎండకు పుట్టి ఎండలో పెరిగిన బళ్ళారి పిల్లకు ఆ చీకటి ఒంటికీ మనసుకూ బరువే. మన భాష మాట్లాడే ఒక ఇల్లు ఆ ఊళ్ళో ఉంటే దేవుడి దయే. ఫోను నంబరు ఇచ్చి పంపండి, ఒక పండగకు పొమ్మనండి, కష్టం వస్తే మొదట వాళ్ళకే ఫోను చేయమనండి. నేను వద్దనేది ఆ ఇంటిని కాదు, ఆ ఇంట్లోనే మకాం పెట్టించడాన్ని. పైగా జ్వరం వస్తే మందు తెచ్చిచ్చేది పక్క గది పిల్ల, యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఊరాయన కాదు. రాత్రి తోడు నడిచేది క్లాసులో పక్కన కూర్చునే పిల్ల. భద్రత కోసమే అయినా ఊరివాళ్ళతో స్నేహం కావాలి.

"మన పెద్దలకు కుదురుకోవడానికి తరాలు దొరికినాయి, నాలుగు నెలల్లో ఏమవుతుంది?" అని కూడా అడుగుతారు. నిజమే. అందుకే మొదటి నెల అంత ముఖ్యం. తరాలున్నవాడు నెమ్మదిగా పలక పట్టొచ్చు, నాలుగు నెలలున్నవాళ్ళు దిగిన రోజే పట్టాలి.

మరి ఇంటితో బంధం? దానికి నా సలహా ఆదివారం. జర్మనీలో ఆదివారం అంగళ్ళన్నీ మూసి ఉంటాయి, చట్టమే అట్లుంది. ఊరంతా నిశ్శబ్దం. కొత్తగా పోయిన పిల్లకు వారంలో అన్నిటికంటే దిగులు పుట్టించే రోజు అదే. ఆ రోజు తీరిగ్గా రెండు గంటలు మాట్లాడండి. అవ్వ, తాత, చిన్నాయన పిల్లలు అందరూ కూర్చోండి. మిగతా రోజుల్లో "బాగున్నా" అని ఒక్క మెసేజీ చాలు అని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ మెసేజీ రాకపోతే అడగండి, వస్తే వదిలేయండి.

రెండోది, తెలుగు అక్షరాలు. మన పిల్లల్లో చాలామంది బడిలో కన్నడ చదివినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు, రాయరు. పరదేశంలో టాండెమ్ పిల్ల "నీ భాషలో నా పేరు రాసి చూపించు" అన్నప్పుడు కన్నడలో రాస్తే తప్పేమీ లేదు, అదీ మనదే. కానీ తెలుగులో కూడా రాయగలగాలి. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. కన్నడ చదవడం వచ్చిన పిల్లకు వేసవి సెలవుల్లో నెల రోజులు రోజుకు అరగంట కూర్చుంటే తెలుగు చదవడం వచ్చేస్తుంది. పోయేముందు అది నేర్పి పంపండి. నెలకొక ఉత్తరం అవ్వచేత తెలుగులో రాయించి ఫొటో తీసి పంపండి. రోజూ గంట ఫోను చేసే దానికంటే, కూడబలుక్కుని చదివే ఆ ఒక్క పేజీ పిల్ల మనసులో ఎక్కువ కాలం ఉంటుంది.

చివరిగా, ఎక్స్ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం అని మరిచిపోతున్నాం. మన పిల్ల అక్కడ ఒకరి వంటింట్లో కూర్చుంటే, వాళ్ళ పిల్ల ఇక్కడ ఎవరి వంటింట్లోనో కూర్చోవాలి కదా. అట్లా వచ్చిన పిల్లలు సెలవుల్లో హంపి చూడటానికి వస్తుంటారు. హంపికీ మనకూ అరవై కిలోమీటర్ల చిల్లర దూరం. మీ పిల్లల కాలేజీలో అట్లాంటివాళ్ళుంటే, హంపి వచ్చినప్పుడు ఒక పూట మన ఇంటికి పిలవండి. ఉగ్గాని పెట్టండి, మిరపకాయ బజ్జీ కారం అని ముందే చెప్పండి. అవ్వ తెలుగులో మాట్లాడనీ, పిల్లలు కన్నడలో మాట్లాడనీ, వాళ్ళకు వచ్చిన ఇంగ్లీషులో వాళ్ళు మాట్లాడనీ. రేపు మన పాప వాళ్ళ ఊళ్ళో దిగితే ఎట్ల చూడాలని కోరుకుంటామో, అట్ల చూసి పంపండి.